తాళంచెవి ఉన్న రియాక్టర్

అణు విద్యుత్ రంగంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను ఎక్కడ చూసినా ఒకటే అడుగుతారు. సార్, అన్నింటిలోకీ ఏ రియాక్టర్ సేఫ్? ఒక్క మాటలో చెప్పేస్తే రాసుకుని వెళ్లిపోదామన్నట్టు పెన్ను కూడా తీస్తారు. నేను ముందు చాయ్ తెప్పించమంటాను. జవాబు కొంచెం పొడుగు. పైగా అందులో మా అక్క చేసిన సర్వపిండి ఉంది కాబట్టి ఖాళీ కడుపుతో వినేది కాదు.

నేను ఉద్యోగమంతా చేసింది ఒకటే పని. రియాక్టర్ నమూనాలు ముందు పెట్టుకుని, ఇందులో ఏది ఎప్పుడు ఎలా చెడిపోతుందా అని కీడెంచడం. ఇంట్లో ఎవరైనా ఇలా మాట్లాడితే నోరు మూయిస్తారు. మా ఆఫీసులో జీతమిచ్చేవారు. మాది కరీంనగర్ వైపు నేత కుటుంబం. బాపు మరమగ్గాల మీద పనిచేసి నన్ను ఇంజనీరింగ్ చదివించాడు. అణు విద్యుత్ అంటే ఏమిటో అవ్వకు చెప్పబోతే, "కరెంటే గదా" అని తేల్చేసేది. ఆమె మాటను ఇప్పటికీ ఎవరూ కాదనలేకపోయారు.

రిటైరయ్యే ముందు నన్ను ఒక కమిటీలో వేశారు. మా ఉత్తర తెలంగాణ బొగ్గు పట్టీలో, గోదావరి ఒడ్డున ఒక అణు విద్యుత్ కేంద్రం పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన పైవాళ్లకు వచ్చింది. పెడితే ఏ రకం రియాక్టర్ పెట్టాలో చెప్పడం మా పని. కమిటీలో చాలామందే ఉన్నా ఈ కథకు ముగ్గురం చాలు. పేర్లు చెప్పను. అందరూ క్షేమంగా ఉన్నారు, అందరి దగ్గరా నా ఫోన్ నంబర్ ఉంది.

ఒకరు మా అధ్యక్షుడు, కోస్తా పెద్దమనిషి. సబ్జెక్టు మీద గట్టి పట్టు, మైకు మీద అంతకన్నా గట్టి పట్టు. రెండోవాణ్ని నేను. మూడో మనిషి నా సెక్షన్‌లోనే పనిచేసే అమ్మాయి. బెల్లంపల్లిలో బాయి కార్మికుడి బిడ్డ. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు. చాలా తక్కువ మాట్లాడేది. మాట్లాడిన రోజు మాత్రం ఎదుటివాళ్లకు మూడు చెరువుల నీళ్లు తాగించేది.

రియాక్టర్ గురించి ఈ కథకు కావలసినంతే చెప్తాను. తేడా వస్తే అది దానంతటదే ఆగాలి. ఆగినా లోపలి వేడి వెంటనే పోదు. కట్టెల పొయ్యి ఆర్పినా నిప్పుల మీద అన్నం మాడుతుంది చూడండి, అలాగే. కాబట్టి కరెంటు పోయినా, పంపులు నిలిచిపోయినా దాన్ని చల్లబరిచే నీళ్లు అందుతూ ఉండాలి. మిగతాదంతా ఈ రెండింటి చుట్టూ తిరిగే లెక్కలే.

వడపోసి వడపోసి రెండు నమూనాలు మిగిల్చాం. ఒకటి పాతది, పెద్దది, మన దేశంలో ఏళ్లుగా నడుస్తున్నది. దాని రోగాలన్నీ మాకు తెలుసు, మందులూ తెలుసు. రెండోది కొత్తది, చిన్నది, ఒక విదేశీ కంపెనీ తెచ్చినది. దాని అందం ఏమిటంటే నీళ్ల తొట్టి రియాక్టర్ నెత్తి మీదే ఉంటుంది. కరెంటు లేకపోయినా, మనిషి లేకపోయినా నీళ్లు వాటంతటవే కిందికి దిగుతాయి. ఆ బొమ్మ చూసిన రోజు నాకు ఆకలి కూడా వేయలేదు, నన్నెరిగినవాళ్లకు అదెంత పెద్ద విషయమో తెలుసు. అధ్యక్షుడు అప్పటికే మనసు పారేసుకున్నాడు. నేనూ ఆయన వెనకాలే ఉన్నాను.

అమ్మాయి మాత్రం ఒక చోట ఆగిపోయింది. ఆ కంపెనీ ప్రయోగానికి నడిపిన రియాక్టర్‌లో, వేడినీ ఒత్తిడినీ కనిపెట్టే పరికరాలు మరీ సున్నితంగా ఉండి ఏమీ కాకపోయినా దాన్ని ఆపేస్తున్నాయట. కంపెనీ వాళ్లు ఆ పరికరాలను బాగుచేయలేదు. షిఫ్ట్ ఇన్‌చార్జి చేతికి ఒక తాళంచెవి ఇచ్చారు. అది తిప్పితే దానంతటదే ఆగే ఏర్పాటు కాసేపు నిద్రపోతుంది. పరీక్షల కోసం అలాంటి తాళంచెవులు అన్నిచోట్లా ఉంటాయని అధ్యక్షుడు అన్నాడు. నిజమే, కానీ వాటితో ఒకసారికి ఒక పరికరాన్నే పక్కన పెట్టగలం, మిగతావి మేలుకునే ఉంటాయి. ఇది తిప్పితే అన్నీ ఒకేసారి పడుకుంటాయి. తాళంచెవి తీసేస్తేనే తన సంతకం అన్నది అమ్మాయి.

అధ్యక్షుడికి ఏకగ్రీవం కావాలి. అసమ్మతి ఉన్న నివేదిక పైకి వెళ్తే ఏళ్లకేళ్లు మూలన పడుతుందని ఆయన భయం. మంచిర్యాలలో జరగబోయే చివరి సమావేశంలోపు ఆమె ఒప్పుకోకపోతే, కమిటీలోంచే కాదు, భద్రతా విభాగంలోంచే పంపించి కొనుగోళ్ల విభాగంలో వేయిస్తానన్నాడు. ఎనిమిదేళ్లు రియాక్టర్లు చదివిన పిల్ల కుర్చీలకూ బల్లలకూ టెండర్లు పిలవాలన్నమాట. ఆ కబురు ఆమెకు చేర్చి నచ్చజెప్పే బాధ్యత నాకు అప్పగించాడు. "మీ ప్రాంతం అమ్మాయే కదండీ, మీ మాట వింటుంది" అన్నాడు. మా ప్రాంతం వాళ్లను ఆయన ఎంత తక్కువ ఎరుగునో అప్పుడే తెలిసింది.

మంచిర్యాలకు వెళ్తూ కరీంనగర్‌లో మేం దిగిన అతిథిగృహం ఎదుట మిర్చి బజ్జీల బండి ఉంటే అక్కడికి తీసుకుపోయాను. చెడ్డ కబురు కారంతో పాటు చెబితే కళ్లనీళ్లు దేనివో తెలియవని నా లెక్క. ఆమె కళ్లలో నీళ్లు రాలేదు. బజ్జీ తిని, కాగితం మడిచి, నెమ్మదిగా చెప్పింది.

"సార్, ఆ ప్లాంట్ వస్తే మా ఇంటికి దగ్గర్నే వస్తది. మా చుట్టాలు సగం మంది ఆ పక్క నస్పూర్‌లనే ఉన్నరు. సంతకం పెట్టినంక నేను ఇంటికి పోవద్దా?"

 రెండో ప్లేటు చెప్పాను. ఆమె మాట సరైందేనని లోపల తెలుస్తూనే ఉంది. కానీ ఆ నెత్తిమీది నీళ్ల తొట్టి మీద మోజు ఇంకా వదల్లేదు. తాళంచెవి ఉంటే ఏమైంది, తిప్పకుండా ఉంటే సరిపోదా అని వాదించాను. ఆమె నావైపు జాలిగా చూసింది. ఆ చూపుకు నాకు కోపం కూడా వచ్చింది.

మర్నాడు ఉదయం ముగ్గురం మంచిర్యాలకు బయల్దేరాం. ఊరు దాటకముందే మా అక్క ఇల్లు తగులుతుంది. తమ్ముడు పెద్ద సార్లతో ఇంటి ముందు నుంచి పోతూ దిగకుండా వెళ్తే అక్క జన్మంతా దెప్పుతుంది కనుక ఆపించాను. సర్వపిండి వేడివేడిగా వచ్చింది. అధ్యక్షుడు మొహమాటంగా మొదలుపెట్టి, మొహమాటం లేకుండా ముగించాడు. అంతలో పక్కనున్న షెడ్డులోంచి మగ్గాల చప్పుడు ఆయన చెవిన పడింది.

ఆ షెడ్డులో మా బావ పనిచేస్తాడు. మగ్గాలు ఆసామివి, అంటే షెడ్డు యజమానివి. కూలి మీటర్ల లెక్కన. బావ ఒక్కడే నాలుగు మగ్గాలు చూసుకుంటాడు. మా వైపు వాటిని సాంచాలంటారు. ప్రతి సాంచకూ అడ్డపోగు తెగితే దాన్ని ఆపేసే చిన్న ఇనుప ఫోర్కు ఒకటి ఉంటుంది. పోగు వచ్చిన ప్రతిసారీ ఆ ఫోర్కు వంగుతుంది. పోగు లేకపోతే వంగదు. వంగకపోతే సాంచ టక్కున ఆగుతుంది. కరెంటూ అక్కర్లేదు, కంప్యూటరూ అక్కర్లేదు.

అధ్యక్షుడికి ఈ సంగతి తెలుసు. పాఠం చెప్పడానికి ఇంత మంచి వస్తువు దొరుకుతుందని ఆయన ఊహించలేదు. మగ్గం ముందు నిలబడి, ఆ చప్పుడును మించి గొంతు పెంచి, అమ్మాయి వైపు తిరిగి ఉపన్యాసం మొదలుపెట్టాడు. యంత్రానికి తనను తాను ఆపుకునే తెలివి ఉంటే మనిషిని అనుమానించాల్సిన పని లేదని ఆయన సారాంశం. కావాలంటే చూడమని, పోగు తెంపి చూపించమని బావను అడిగాడు.

బావ వినిపించనట్టు నటించాడు. సాంచాల మధ్య పనిచేసేవాళ్లకు ఆ సౌకర్యం ఉంది. మళ్లీ అడిగితే, "ముందుగల చాయ్ తాగుండ్రి సార్, సల్లారుతది" అన్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మా బావ చాయ్ చల్లారిపోతుందని ఎవరి గురించీ దిగులుపడే మనిషి కాదు. అధ్యక్షుడు ఊరుకోలేదు. జేబులోంచి చిన్న చాకు తీసి తనే వంగి అడ్డపోగు తెంపాడు.

సాంచ ఆగలేదు. దాని మానాన అది టకటకమంటూ నడుస్తూనే ఉంది. అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ ఉత్తగా పరిగెత్తుతోంది, గుడ్డ నేయవలసిన చోట నిలువు పోగులు మాత్రం ముందుకు జరిగిపోతున్నాయి. అధ్యక్షుడు నోరు తెరిచి చూస్తున్నాడు. బావ తాపీగా వచ్చి చేత్తో ఆపాడు. అప్పుడు చూశాం. ఫోర్కును పైకి వంచి నూలుతో కట్టేసి ఉంది. ముడి చాలా పొందిగ్గా ఉంది, మా వాళ్ల ముడులు అంతే. మిగతా మూడు సాంచాలకూ అదే వైద్యం.

ఎందుకు కట్టావయ్యా అని అధ్యక్షుడు అడిగాడు. గొంతులో కోపం కన్నా బాధ ఎక్కువ ఉంది.

"పోగు ఉన్నా ఆగుతది సార్, ఉత్తగనే. ఆగుడు ఆగుడుకు నా మీటర్లు పోతయి. గందుకే కట్టిన. నేను సూస్తనే ఉంట గదా."

"మరి నువ్వు చాయ్ తాగుతున్నప్పుడు?"

"పక్క సాంచాలాయిన సూస్తడు."

"ఆయన ఎక్కడ?"

బావ గోడ వైపు చూపించాడు. పక్క సాంచాలాయన మాతో పాటే చాయ్ తాగుతూ నిలబడి ఉన్నాడు. అధ్యక్షుడిని చూసి మర్యాదగా దండం కూడా పెట్టాడు.

అమ్మాయి నవ్వలేదు. నేనైతే నవ్వాపుకోలేక గ్లాసు అడ్డం పెట్టుకున్నాను. అధ్యక్షుడు చివరిగా ఇంకొకటి అడిగాడు, కట్టమని ఎవరు చెప్పారని.

"ఎవలు జెప్పలే సార్," అన్నాడు బావ. "ఎవలు వద్దనలే."

మేం బయటికి వస్తుంటే ఆసామి మోటారుసైకిల్ మీద వచ్చాడు. అధ్యక్షుడు ఆయన్ని ఆపి, ఫోర్కులు కట్టేసి నడపడం ఎంత తప్పో పూర్తి పాఠం చెప్పాడు. ఆసామి చేతులు కట్టుకుని విన్నాడు. బావ నావైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకు అర్థం అప్పుడు నేను పట్టించుకోలేదు.

కారు సుల్తానాబాద్ దాటింది. రోడ్డు సగం మీద వడ్లు ఎండబోశారు. డ్రైవరు కుప్పకూ కుప్పకూ మధ్య పాములా పోనిస్తున్నాడు. మామూలుగానైతే అధ్యక్షుడు రోడ్డు భద్రత మీద ఒక ముక్క చెప్పేవాడు. ఆ రోజు కిటికీలోంచి వడ్లు చూస్తూ కూర్చున్నాడు.

"మీ బావగారు చెడ్డవాడు కాదు" అన్నాడు చివరికి.

కాదన్నాను.

"తెలివితక్కువవాడూ కాదు."

అసలే కాదన్నాను. మా అక్కను అడిగినా అదే చెబుతుంది, కొంచెం విసుక్కుంటూ.

"అదే నాకు భయంగా ఉంది" అన్నాడు ఆయన.

ముందు సీట్లో ఉన్న అమ్మాయి వెనక్కి తిరిగి చూడలేదు గానీ, వింటున్నదని ఆమె మెడ చూస్తేనే తెలిసింది.

మంచిర్యాల సమావేశానికి కంపెనీ ప్రతినిధి చక్కని సూటులో వచ్చాడు. ఆ ఎండలో ఆ సూటు వేసుకున్నందుకే ఆయనకు సగం మార్కులు వేయొచ్చు. తాళంచెవి సంగతి రాగానే, షిఫ్ట్ ఇన్‌చార్జి ఎంతో శిక్షణ పొందిన మనిషి, అనవసరంగా తిప్పడు అన్నాడు. నిన్న బజ్జీల బండి దగ్గర నేనన్నది కూడా అదే మాట. ఆయన నోట వింటే ఎంత బోలుగా ఉందో నాకే తెలిసింది.

అధ్యక్షుడు తను మాట్లాడకుండా అమ్మాయికి సైగ చేశాడు. మైకు ఆయనంతట ఆయన వదులుకోవడం నా సర్వీసులో నేను చూసింది అదే మొదటిసారి. ఆమె కాగితాలేవీ తీయలేదు. ఒకటే అడిగింది. రియాక్టర్ ఆగిపోతే ఆ షిఫ్టు వాళ్ల జీతంలో ఏమైనా తేడా వస్తుందా?

ప్రతినిధి ఉత్సాహంగా వివరించాడు. తమ పద్ధతిలో ఎంతసేపు నడిస్తే అంత బోనస్, సిబ్బందికి మంచి ప్రోత్సాహకం అన్నాడు. ఇది తమ కంపెనీ ప్రత్యేకత అని కూడా అన్నాడు.

"అయితే ఆ తాళంచెవి తీసేయండి" అన్నది ఆమె.

"తీసేస్తే మాటిమాటికీ ఆగుతుందండీ. అప్పుడు ఎవరు కొంటారు?"

మాట నోరు దాటాక ఆయనకు అర్థమైంది. గదిలో అందరికీ అర్థమైంది. మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు గానీ ఆలస్యమైపోయింది. అధ్యక్షుడు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మన షిఫ్ట్ ఇన్‌చార్జి చాలా తెలివైనవాడు, మంచివాడు, పిల్లలుగలవాడు, కాబట్టి తప్పకుండా తిప్పుతాడు అన్నాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకు ఎక్కడలేని గౌరవం కలిగింది. ఒక పెద్దమనిషి అంతమంది ముందు తన మనసు మార్చుకోవడం చిన్న విషయం కాదు.

కమిటీ ఏకగ్రీవంగానే రాసింది. కొత్త నమూనా మంచిదే, కానీ ఆ పరికరాలు బాగుచేసి, అన్నింటినీ ఒకేసారి నిద్రపుచ్చే తాళంచెవి తీసేసి తెస్తే అప్పుడు చూద్దాం. అప్పటిదాకా పాతదే మేలు. దానికింద అమ్మాయి పట్టుబట్టి ఇంకో మాట చేర్పించింది. ఏ రియాక్టర్ పెట్టినా సరే, అది ఆగినందుకు దాన్ని నడిపేవాళ్ల జీతంలో పైసా తగ్గకూడదు. రియాక్టర్ల నివేదికలో జీతాల గొడవేమిటని ఒకరిద్దరు సణిగారు. అధ్యక్షుడు వాళ్లను కసిరాడు. ఇప్పుడు ఆయన ప్రతి సభలోనూ ఆ మాట తన మాటగానే చెబుతున్నాడు. అమ్మాయి ఫోన్ చేసి ఉడుక్కుంటుంది. కుర్చీల టెండర్లు తప్పినందుకు ఆ మాత్రం భరించమంటాను. కేంద్రం సంగతంటారా, ఫైలు తిరుగుతూనే ఉంది, గోదావరి ఒడ్డున ఇంకా ఇటుక కూడా పడలేదు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇదీ. ఏ రియాక్టర్ సేఫ్ అని అడగకండి. అది ఆగితే ఎవరి కూలి పోతుందో ముందు కనుక్కోండి. ఇక్కడితో ఆపితే నేను గొప్పవాణ్నే అనిపించుకుంటాను. కానీ కథ ఇంకొంచెం ఉంది.

నివేదిక పని ముగించుకుని, కొన్ని రోజులకు గర్వంగా అక్క ఇంటికి వెళ్లాను. అక్క పలకరించలేదు. సర్వపిండి ఊసే లేదు. చాయ్ వచ్చింది గానీ అందులో చక్కెర లేదు. మర్చిపోయిందేమో అనుకున్నాను, మా అక్క మర్చిపోయే మనిషి కాదు.

షెడ్డులోకి వెళ్తే విషయం తెలిసింది. మేం వెళ్లిన రోజే ఆసామి అన్ని సాంచాల ముడులూ తెగ్గోయించాడు. మళ్లీ కట్టినవాడు పనిలో ఉండడని చెప్పాడు. వంగిపోయి, అరిగిపోయిన ఫోర్కులు మాత్రం మార్చలేదు. అప్పటినుంచి పోగు ఉన్నా లేకపోయినా సాంచాలు ఆగుతూనే ఉన్నాయి. బావ ఒకదాన్ని నడిపించి రెండోదాని దగ్గరికి వెళ్లేసరికి మొదటిది ఆగుతోంది. మీటర్లు సగానికి పడ్డాయి, కూలీ పడింది.

నాకు సిగ్గేసింది. ఇంజనీరును కదా, పట్టకారు తెప్పించి ఒక ఫోర్కు సరిచేయడానికి కూర్చున్నాను. సాయంత్రందాకా కుస్తీ పట్టాను. నేను బాగుచేశాక ఆ సాంచ ఆగడం తక్కువ కాలేదు, అసలు కదలడమే మానేసింది. బావ పట్టకారు నా చేతిలోంచి నెమ్మదిగా తీసుకున్నాడు. ఆసామి దగ్గరికి వెళ్లి కొత్త ఫోర్కులు వేయించమని అడిగాను. కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, చూద్దాం సార్ అన్నాడు. మా ఆఫీసు భాషలోనూ ఆ మాటకు కాదనే అర్థం.

తిరిగొచ్చి బావ పక్కన కూర్చున్నాను. కమిటీలో ఏమైందని అడిగాడు. చెప్పాను. మిషను ఆగితే మనిషి జీతం తగ్గకూడదని రాశామన్న దగ్గర ఆయన నావైపు తిరిగాడు.

"మంచిగ రాసిండ్రు, బామ్మర్ది," అన్నాడు. "మరి మా సాంచాలకు ఎవలు రాస్తరు?"

ఎగతాళిగా అడగలేదు. నిజంగానే, నాకు తెలిసి ఉంటుందని అడిగాడు. నాకు తెలియదన్నాను. ఆయన లేచి షెడ్డు తలుపు దగ్గరికి వేసి వచ్చి, మొదటి సాంచ ముందు వంగి ఫోర్కును పైకి ఎత్తాడు. నూలు కండెలోంచి పోగు లాగి దాని చుట్టూ తిప్పాడు. రెండో కొస నా చేతికిచ్చాడు.

"జర పట్టుకో. ముడి ఏస్త."

గుడ్డ చెడితే గుడ్డే చెడుతుంది, ఊరు చెడదు. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను. అయినా ఇన్నేళ్లూ ఎక్కడా ఇలాంటి ముడి పడకూడదనే పనిచేసినవాణ్ని, పోగును వదులుగానే పట్టుకున్నాను. బావ అది చూసి, గట్టిగ పట్టుకోమన్నాడు.

గట్టిగానే పట్టుకున్నాను.